నాగపూర్ బేరం

ఆ రోజుల్లో మా బజారులో మనసులో మాట ముందే బయటపెట్టడమంటే గల్లాపెట్టె తాళంచెవి రోడ్డు మీద పెట్టి ఇంటికి రావడమే. భిలాయి పవర్ హౌస్ బజారు సంగతి చెబుతున్నాను. అమ్మేవాడు ఒక ధర చెప్పేవాడు. అది ధర కాదని ఇద్దరికీ తెలుసు. కొనేవాడు ఇంకో ధర అడిగేవాడు. అదీ ధర కాదని ఇద్దరికీ తెలుసు. ఆ రెండిటికీ మధ్య ఎక్కడో, ఇద్దరూ నిలువునా మునిగిపోయినట్టు మొహాలు పెట్టుకుని, లోలోపల సంతోషిస్తూ కలుసుకునేవారు. దీన్ని నేను వ్యాపారం అనుకోలేదు. మనుషులు మాట్లాడుకోవడమంటేనే ఇదనుకున్నాను. (పక్కింటివాళ్ళు టీ ఇస్తామన్నా "ఇప్పుడే తాగానండీ" అనేదాన్ని. వాళ్ళు కూడా అది నమ్మకుండా గ్లాసు చేతిలో పెట్టేవారు. ఎవరి పని వాళ్ళం చేసేవాళ్ళం.)

ఈ మధ్య ఒక పత్రిక నుంచి ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. చురుకైన పిల్ల. కుర్చీలో కూర్చోగానే "మేడమ్, మీరు క్వీర్, ఫెమినిస్ట్, ఇండీ సింగర్ కదా, అసలు ఎలా మొదలైంది?" అని అడిగింది. బట్టల కొట్టు పిల్లని కదా, ఒకే తానుకి ఇన్ని లేబుళ్ళు కనిపిస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. ఒక్కో మాటకీ అర్థం చెప్పించుకున్నాను; ఇండీ అంటే వెనక ఏ కంపెనీ లేకుండా తన పాటలు తనే కట్టుకుని పాడుకోవడమట. చెప్పినవన్నీ నావే. ఇంట్లో సరుకు ఏళ్ళ తరబడి ఉంది గానీ దాన్ని ఏ పేరుతో పిలుస్తారో నాకు ఎవరూ చెప్పలేదంతే. "నా జీవితం ఒక బేరం బెడిసికొట్టడం వల్ల మొదలైందమ్మా" అన్నాను. ఆ పిల్ల మర్యాదగా నవ్వి, ఆ ముక్క రాసుకోకుండా "పోరాటం గురించి చెప్పండి" అంది. పోరాటం గురించి ఆమే రాసుకుంటుంది. బేరం గురించి నేను రాస్తున్నాను.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికని వచ్చి, పని దొరికేలోపు తోటివాళ్ళకి తువ్వాళ్ళూ లుంగీలూ అమ్మి, ఆ అమ్మకంలో పడి ఉద్యోగం మాట మరిచిపోయిన మనిషి. నాకు ఊహ తెలిసేసరికి పవర్ హౌస్‌లో మెట్లున్న కొట్టు మాది. మగవాళ్ళ బట్టల వైపు నాన్న, ఆడవాళ్ళ బట్టల వైపు మా అత్త. అత్త అంటే నాన్నకి అక్క. అత్తారింటి నుంచి ఒక పెట్టెతో వచ్చేసి, ఆ పెట్టె మీదే కూర్చుని చీరలు అమ్మడం మొదలుపెట్టిందని చెప్పుకునేవారు. (అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఉండి ఉంటే ఈ కథ ఎలా నడిచేదో చాలాసార్లు ఊహించాను. ఒక్కసారీ తేలలేదు.) బేరంలో నాకు గురువు అత్తే. "నచ్చిన సరుకు కేసి సూడకు. పక్కదాని రేటు అడుగు. ముందు వద్దను. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దను. ఆ పైన అడిగితే, పోన్లే మీరింతలా అంటన్నారు కాబట్టి అను." నాకు కాలేజీలో చెప్పిన పాఠాలేవీ ఇంత బాగా వంటబట్టలేదు.

పాటలు కూడా కొట్లోనే మొదలయ్యాయి. మధ్యాహ్నంపూట, ప్లాంటు షిఫ్టు దిగినవాళ్ళు భోంచేసి పడుకున్న వేళ, బజారు జోగుతుంటే నేను తాను విప్పి కొలబద్దతో కొలుస్తూ, అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి, సర్రున చింపేదాన్ని. ఆ చింపుడుకి ఒక లయ ఉంటుంది. దాని మీద మాటలు వాటంతటవే వచ్చి కూర్చునేవి. అప్పుడు కట్టిందే ఇది:

కొలిచి ఇస్తారు గుడ్డని, కొలిచి ఇస్తారు పిల్లని
కొలబద్ద నా చేతికిస్తే కొలుచుకోనా నా ఇంటిని
ఎన్ని బారలే నీ నవ్వు, ఎదురింటి చిన్నదానా

మా ఎదురింట్లో చిన్నది అంటూ ఎవరూ లేరు. ఒక సైకిల్ రిపేరు ముసలాయన ఉండేవాడు. మరి ఆ లైను ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో నాకే తెలీదు. తోచింది, పెట్టాను.

ఆ ఏడు మేముండే క్యాంపు బస్తీలో తెలుగువాళ్ళ వినాయకుడి పందిట్లో ఈ పాట పాడతానని పేరిచ్చాను. పందిరి వ్యవహారాలన్నీ చూసేది మైకు మామయ్య. (మైకు చేతికొస్తే వదలడని ఆ పేరు.) ఆయన నన్ను పక్కకి పిలిచి "ఏ పిక్చర్లోదమ్మా?" అన్నాడు.

"పిక్చర్లోది కాదు మామయ్యా. నాదే."

"నీదేటి?"

"నేనే కట్టాను."

"కట్టీసినావా! ఎవుర్నడిగి?" ఆయన మొహంలో కోపం లేదు, నిజమైన కంగారు ఉంది. "సరే ఒగ్గేయ్. హీరో పాడతాడా, హీరోయిన్ పాడతాదా?"

"హీరోయినే."

"ఎవురి కేసి సూసి?"

కాసేపు ఆలోచించాను. "ఇంకో హీరోయిన్ కేసి."

"అక్కాసెల్లెళ్ళ సెంటిమెంటన్నమాట."

"కాదనుకుంటాను మామయ్యా."

ఆయన కండువాతో నుదురు తుడుచుకున్నాడు. ఊరు పేరు లేని సరుకుని జనం ముందు పెట్టడం ఎలాగో ఆయనకి అర్థం కావడం లేదు. నాకు జాలేసింది. సరుకు కదలనప్పుడు మేం చేసే పనే చేశాను. "ఆ పిక్చర్ ఇంకా రిలీజ్ కాలేదు మామయ్యా" అన్నాను. "అదీ! ముందే సెప్పొచ్చు కదేటి!" అని ఆయన ప్రాణం కుదుటపడి, మైకులో "త్వరలో మీ ముందుకు రాబోతున్న చిత్రంలోంచి" అని ప్రకటించాడు. జనం ఈలలు వేశారు. ఆ తర్వాత కొట్టుకి వచ్చిన ప్రతివాడూ "దీదీ, వో పిక్చర్ కబ్ ఆయేగీ?" అని అడగడం, నేను దీపావళికనీ హోళీకనీ వాయిదాలు వేయడం. ఒక కోమటాయన ఆ సినిమా పక్కనున్న దుర్గ్‌లో ఆల్రెడీ చూసేశానని, పాటలు బావున్నాయి గానీ కథ లేదని నాతోనే చెప్పాడు.

పందిరి తీసేసిన వారంలో ఒకమ్మాయి మా కొట్టు మెట్లెక్కింది. సెక్టార్‌లో పెద్ద క్వార్టర్లవైపు పిల్ల, వాళ్ళ నాన్న ప్లాంటులో ఇంజనీరు. తెలుగువాళ్ళే. జడ బిగించి కట్టి, భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని ఉంది. ఒక నీలం పూల చీటీ గుడ్డ చూపించి "ఎంత?" అంది. అలవాటుగా ఆకాశంలో ఉన్న ధర చెప్పాను. ఆమె పర్సు తీసి అంతా ఇచ్చేసింది.

నేను ఆ నోట్లు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మెట్లు ఎక్కబోతే మెట్టు లేనట్టయింది. "అంత కాదులెండి, కొంచెం తగ్గిస్తాను" అన్నాను.

"ఎందుకు? మీరే చెప్పారుగా."

"ఊరికే చెప్పానండీ."

"ఊరికే ఎందుకు చెప్పారు?"

ఈ ప్రశ్న మా వంశంలో ఎవరూ ఎవరినీ అడగలేదు. నేను నా ధరని నేనే కోసుకుంటూ కిందికి దిగుతుంటే, వెనక నుంచి అత్త నా జబ్బ గిల్లి "ఒలే, ఇన్‌కం టాక్సోళ్ళ గుంటేమో సూడు" అని గుసగుసలాడింది. ఆమె అవేమీ పట్టించుకోకుండా నా కళ్ళలోకి సూటిగా చూసి "ఆ పిక్చర్ ఎప్పటికీ రాదు కదా? ఆ పాట మీదే కదా?" అంది. నేను "కాదు" అన్నాను. (నాలుక దాని పని అది చేసుకుపోతుంది.) ఆమె నవ్వి, గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రానికల్లా బజారంతా ఆమెకి ఫిక్స్‌డ్ రేట్ అని పేరు పెట్టేసింది.

ఫిక్స్‌డ్ రేట్ మళ్ళీ వచ్చింది. తర్వాత తరచుగా రావడం మొదలుపెట్టింది. సైకిల్ వెనక గిటారు కట్టుకుని. కొట్టు వెనక గదిలో తానుల మీద కూర్చుని, నేను పాడుతుంటే నా పాటకి ఏ తీగలు సరిపోతాయో వెతికేది. నా పాట కింద నేల ఉందని నాకు అప్పుడే తెలిసింది. అప్పటిదాకా అది గాలిలో వేలాడుతుండేది. ఆమె వచ్చిన రోజుల్లో నేను గుడ్డ వంకరగా చింపేదాన్ని, రవికెల గుడ్డ అడిగితే లంగా గుడ్డ ఇచ్చేదాన్ని. గుండెల్లో మంట. ఎసిడిటీ అనుకుని నెలల తరబడి జీలకర్ర నీళ్ళు తాగాను. జీలకర్ర వల్ల ఏమీ తగ్గలేదు. పైగా ఆమె రాని రోజుల్లో ఎక్కువయ్యేది. ఇదేం ఎసిడిటీయో నాకు బోధపడలేదు.

బోధపడకపోయినా, అత్త చెప్పిన సూత్రం మాత్రం తప్పలేదు. నచ్చిన సరుకు కేసి చూడకూడదు. అందుకని గిటారు బాగుందన్నాను. సైకిల్ బాగుందన్నాను. వాళ్ళ అమ్మగారి చీరల రంగులు, వాళ్ళ సెక్టార్‌లో చెట్లు, పక్క క్వార్టర్ వాళ్ళ కుక్క, అన్నీ మెచ్చుకున్నాను. ఆమె తప్ప ఆమె చుట్టూ ఉన్న ప్రపంచమంతా నాకు తెగ నచ్చినట్టు ప్రవర్తించాను. ఒకరోజు ఆమె గిటారు పక్కన పెట్టి "నేను నచ్చనా నీకు?" అని అడిగేసింది. నేను గుండె చిక్కబట్టుకుని "పర్వాలేదు" అన్నాను. మా బజారులో అంతకంటే పెద్ద పొగడ్త లేదు. పర్వాలేదు అన్నామంటే అప్పు చేసైనా కొంటామని అర్థం. ఆమె ఆ సాయంత్రమంతా ఒక్క మాట మాట్లాడలేదు. సంతోషం పట్టలేక అనుకున్నాను.

ఎనభైల మొదట్లో అక్కడక్కడా ఆడవాళ్ళ సంఘాలు పుట్టుకొస్తున్న కాలం అది. ఒకరోజు ఆమె రొప్పుతూ వచ్చింది. నాగపూర్‌లో ఒక స్కూల్లో తనకి ఉద్యోగం దొరికిందట. ఒక గది కూడా మాట్లాడుకుందట. అదే వారంలో అక్కడ ఆడవాళ్ళ సభ ఉంది, చాలా ఊళ్ళ నుంచి వస్తున్నారు, పాటలు కూడా ఉంటాయి. "నువ్వు రా. నీ పాటలు పాడు. నేను వాయిస్తాను" అంది. తర్వాత గొంతు తగ్గించి "సభ అయ్యాక కూడా ఉండిపో. నాతో. అక్కడే" అంది.

ఆ మాట నా చెవిలో పడగానే ఎసిడిటీ ఒక్కసారిగా తగ్గిపోయింది. అప్పుడు గానీ రోగం పేరు నాకు తెలియలేదు. ఒళ్ళంతా అవును అంటోంది. నోరు మాత్రం కొట్టు తెరిచి కూర్చుంది.

"అబ్బే, నాకెక్కడ కుదురుతుందీ" అన్నాను.

"నిజంగానా?"

ఇది రెండోసారి అడగడం కింద లెక్క వేసుకున్నాను. బేరం సజావుగా సాగుతోంది. "నిజంగానే. వద్దు" అన్నాను, ఇంకోసారి అడిగితే "పోన్లే నువ్వింతలా అంటున్నావు కాబట్టి" అనడానికి గొంతు సవరించుకుంటూ.

"సరే" అంది. గిటారు భుజాన వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

మామూలుగా ఇక్కడ కంగారు పడాల్సిన పని లేదు. మెట్లు దిగే మనిషిని వెనక్కి పిలవడం మా వృత్తి. కానీ ఆ రోజు నాకు ఒక ధర్మసందేహం వచ్చింది. పిలవాల్సింది కొట్టువాడు. ఇక్కడ అడిగింది ఆమె, అంటే సరుకు ఆమెది. వద్దన్నది నేను, అంటే కొనేదాన్ని నేను. కొనేదాన్నయితే మెట్లు దిగాల్సింది నేను, వెనక్కి పిలవాల్సింది ఆమె. మరి నేను చూస్తే కొట్లో కూర్చుని ఉన్నాను, ఆమె చూస్తే మెట్లు దిగుతోంది. ఇది ఎవరి కొట్టు? ఎవరి బేరం? నేను ఈ చిక్కు విప్పుకునేసరికి ఆమె సైకిల్ పాన్‌డబ్బా మలుపు తిరిగిపోయింది. అయినా నేను ధైర్యంగానే ఉన్నాను. రేపు వస్తుంది, మళ్ళీ అడుగుతుంది.

రాలేదు. మర్నాడూ రాలేదు. ఒకావిడ చీర బేరం మొదలుపెట్టకముందే నేనే ధర తగ్గించేశాను. అత్త చేతిలో చీర మడత అలాగే ఆగిపోయింది. గిరాకీ వెళ్ళాక "ఏటే, ఒంట్లో బాగోనేదా?" అంది. ఇక ఆపుకోలేక జరిగిందంతా చెప్పేశాను. ఉండిపొమ్మందని కూడా చెప్పాను.

"ఎన్నిసార్లడిగినాది?"

"రెండుసార్లు."

"మళ్ళీ అడగనేదా! అదేం మడిసే!" అని అత్త ముందు నా తరఫున మండిపడింది. ఆ తర్వాత నెమ్మదించి, నా మొహం పరీక్షగా చూసింది. చీరల రంగు నిలుస్తుందో లేదో చూడడానికి ఎండకేసి పట్టి చూస్తుందే, అలాగ. "ఒలే పిల్లా, ఆళ్ళింట్లో గుండుసూది కూడా రాసున్న రేటుకే కొంటారు. ఆ గుంటకి వద్దంటే వద్దనే."

"మరి నువ్వే కదా వద్దనమని నేర్పావు!"

"సీరలకి నేర్పినానే. మడుసులకి కాదు." కత్తెర తీసి పక్కన పెట్టింది. "మీ మావయ్య పిలుస్తాడని నేనూ ఆళ్ళ గుమ్మం దిగినాను. మలుపు దాకా నెమ్మదిగానే నడిసినాను."

"పిలిచాడా?"

"పిలిస్తే ఇక్కడెందుకుంటాను? మంచిదే అయినాది, అది ఏరే సంగతి. నీకు అలాగ అవ్వనక్కర్నేదు. ఎల్లు."

ఊరికే ఎలా వెళ్తాను? చీరల ఫాల్స్ కట్ట ఒకటి చంకన పెట్టుకుని సెక్టార్ బస్సెక్కాను. వాళ్ళ అమ్మగారు తలుపు తీసి, నేను అమ్మకానికే వచ్చాననుకుని సంతోషంగా చీరలన్నీ మంచం మీద పరిచి, ఏ అంచుకి ఏ ఫాల్ నప్పుతుందో చూసుకోవడంలో పడిపోయారు. ఫిక్స్‌డ్ రేట్ వెనక వరండాలో పుస్తకాలు తాడుతో కడుతోంది. నన్ను చూసి ముడి వేయడం ఆపింది.

"ఏంటి ఇలా వచ్చావు?"

"ఫాల్స్ ఇద్దామని."

"సరే." మళ్ళీ ముడి వేయడం మొదలుపెట్టింది.

"నువ్వు మళ్ళీ రాలేదు" అన్నాను.

"నువ్వు వద్దన్నావుగా."

"వద్దంటే వద్దనా?"

ఆమె తాడు వదిలేసింది. "మరి వద్దంటే ఏంటి యార్?"

"వద్దంటే... ఇంకోసారి అడగమని."

"అడిగాగా! రెండుసార్లు!"

"ఇంకోసారి."

ఆమె నా వైపు చూసింది. కోపమో నవ్వో తేలని చూపు. "నేను వట్టి పర్వాలేదేనా అని బెంగ పడి వారం రోజులు అన్నం తినలేదు తెలుసా నీకు?" అంది. "ఇక నేను అడగను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు. ఒక్కసారి."

ఉన్నది ఉన్నట్టు ఎలా చెబుతారు? "నాగపూర్‌లో ఎండలెక్కువట కదా" అన్నాను. ఆమె తాడు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నారింజలు మాత్రం బావుంటాయట" అన్నాను. ఆమె అలాగే చూస్తోంది. సాయం చేసే మనిషి ఒక్కరూ లేరు. కళ్ళు మూసుకుని, గుడ్డ చింపినట్టు సర్రున అనేశాను: "నాకు నువ్వు కావాలి. పాటలు తర్వాత సంగతి. నువ్వు."

"సరే" అంది.

"సరేనా? ఇంకేం అడగవా?"

"చెప్పేశావుగా, ఇంకేం అడగను?" అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్ళ చివర తీగలు కోసుకుపోయి గరుకుగా ఉన్నాయి. లోపల్నుంచి వాళ్ళ అమ్మగారు "గులాబీ రంగు ఫాల్ ఉందా అమ్మా? ఎంత?" అని కేకేశారు. "ఉంది ఆంటీ, ఊరికే తీసుకోండి!" అని అరిచాను. ఫిక్స్‌డ్ రేట్ నవ్వుతూ పుస్తకాల మీద కూలబడింది.

ఇక నాన్న మిగిలాడు. నాన్న మనసులో అప్పటికే నాగపూర్ దారిలోని గోందియాలో ఒక బట్టల కొట్టువాళ్ళ సంబంధం ఉంది. ఆ మాట ఇంకా నాతో అనలేదు గానీ, గోందియా వాతావరణం చాలా మంచిదని రెండు మూడుసార్లు అన్నాడు. ఆయన దగ్గర మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పే పిచ్చిపని చేయదల్చుకోలేదు. ఆయన నా కంటే పెద్ద బేరగాడు. అందుకని పక్కాగా పథకం వేసుకున్నాను. ముందు ఆకాశమంత, జీవితమంతా అక్కడే ఉంటానని అడగాలి. ఆయన విరుచుకుపడతాడు. నేను ఏడ్చి, జీవితాన్ని ఒక ఏడాదికి దించుతాను. ఆయన కుదరదంటాడు. ఒక నెలకి దించుతాను. చివరికి సభ జరిగే నాలుగు రోజులకి ఒప్పుకుంటాడు. తన మాటే నెగ్గిందని సంతోషిస్తాడు. నాగపూర్ వెళ్ళాక మిగతా సంగతి ఆలోచించుకోవచ్చు.

మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ చూసుకుని నాన్న ఎదురుగా కూర్చున్నాను. ఆయన విప్పిన తాను చుడుతున్నాడు. అత్త అవతలివైపు చీరలకి కొన్న ధర గుర్తుల చీటీలు గుచ్చుతోంది.

"నాన్నా, నేను పెళ్ళి చేసుకోను. ఆ సెక్టార్ అమ్మాయితో నాగపూర్ వెళ్తాను. అక్కడే ఉండిపోతాను. మా పాటలు మేం కట్టుకుని పాడుకుంటాం. జీవితమంతా."

నాన్న చేతులు ఆగలేదు. తాను బల్ల మీద ధబ్ ధబ్‌మని దొర్లుతోంది.

"జీవితమంతానా?"

"జీవితమంతా."

"పెళ్ళి?"

"వద్దు." (ఈ వద్దు మాత్రం నిజంగా వద్దే.)

"ఆ గుంటతోనా?"

"ఆమెతోనే."

తాను చుట్టడం పూర్తయింది. దాన్ని అల్మరాలో సర్ది, దుమ్ము దులుపుకుని, వచ్చి కూర్చుని "సరే" అన్నాడు.

అవతలివైపు అత్త చేతిలోంచి గుండుసూదుల డబ్బా కిందపడి చెల్లాచెదురైంది.

"సరే అంటే?" అన్నాను.

"సరే అంటే సరే. బండెప్పుడు?"

నేను తగ్గించడానికి సిద్ధం చేసుకున్న ఏడాది, నెల, నాలుగు రోజులు అన్నీ చేతిలోనే ఉండిపోయాయి. ఈయన వినలేదా? అర్థం కాలేదా? నా మీద విసుగెత్తి పొమ్మంటున్నాడా? ప్రేమతోనా, కోపంతోనా? ఆయన మొహంలో ఏమీ దొరకలేదు. గిరాకీ గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసుకుంటుంటే, తొందరేమీ లేనట్టు కూర్చుంటాడే, అదే మొహం. "అంటే నాన్నా, జీవితమంతా అని కాదు..." అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆ ఒక్క మాట బయటికొస్తే నాలుగు రోజులు నాకు దక్కుతాయి, మిగతా అంతా గోందియాకి పోతుంది. మాట రాకపోతే ఏమవుతుందో నాకు తెలీదు. అసలు నేను అడిగింది అడగడానికే అడిగానా, కావాలనే అడిగానా అన్నది కూడా ఆ క్షణంలో తెలీలేదు. కింద అత్త గుండుసూదులు ఏరుతూ తలెత్తి నా వైపు చూసింది. మనుషులకి కాదు అన్నట్టు ఒక్కసారి తల అడ్డంగా ఊపింది.

నోరు మూసుకున్నాను. "శుక్రవారం" అన్నాను.

"మంచిది" అన్నాడు నాన్న.

ఆ తర్వాత శుక్రవారం దాకా మా ఇంట్లో నడిచింది మాట్లాడుకోవడం కాదు, కాపలా. నాన్న అన్నం తింటూ "ఇంకేటి?" అనేవాడు. నేను "ఏం లేదు" అనేదాన్ని. నేను పెట్టె సర్దుతుంటే గుమ్మంలో నిలబడి "అయితే ఎల్తన్నట్టే" అనేవాడు. "వెళ్తున్నట్టే" అనేదాన్ని. స్టేషన్‌కి ఆయనే పెట్టె మోసుకొచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఫిక్స్‌డ్ రేట్ గిటారు పట్టుకుని నిలబడి ఉంది. నాన్న చంకలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. లోపల గళ్ళ గుడ్డ. "గది కిటికీకి పరదా నేకపోతే బాగోదు. కొలత తెల్దు, ఎక్కువే కోసినాను" అన్నాడు. ఆమె బుద్ధిగా "థాంక్స్ అంకుల్. ఎంత?" అంది. నాన్న ఆమె కేసి అయోమయంగా చూసి, ఆ వారమంతటిలో మొదటిసారి పగలబడి నవ్వాడు. బండి కదులుతున్నా నవ్వుతూనే ఉన్నాడు. కళ్ళు తుడుచుకోవడం నవ్వు వల్లనేనా అన్నది నాకు కిటికీలోంచి సరిగ్గా కనపడలేదు. బండి గోందియాలో ఆగినప్పుడు, ఎందుకైనా మంచిదని కిటికీ తలుపు దించేశాను.

సభలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్ళు నేల మీద జంపఖానాల మీద కూర్చున్నారు. సగంమందికి తెలుగు రాదు. ఎదురింటి చిన్నదాని పాట పాడాను. పాట అయ్యాక, పిక్చర్ పేరు ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చుంది. ఏం చేయాలో తోచక అదే పాట మళ్ళీ పాడాను. అలా మొదలైన పాడడం ఇప్పటికీ నడుస్తోంది. గదిలో టేప్‌రికార్డర్ ముందు దుప్పటి కప్పుకుని రికార్డు చేసిన క్యాసెట్లు, ఊరూరా సభల్లో సంచీలో వేసుకుని అమ్మిన క్యాసెట్లు. (అమ్మకం బల్ల దగ్గర నన్ను కూర్చోనిచ్చేవారు కాదు. కొనడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ బేరం పెట్టుకుంటున్నానని ఫిర్యాదు. ఫిక్స్‌డ్ రేట్ కూర్చునేది.)

నాన్న ఏడాదికోసారి చీరల సరుకు కోసమని వంక పెట్టుకుని నాగపూర్ వచ్చేవాడు. మా గదిలో గళ్ళ పరదా కింద కుర్చీ వేసుకుని, నేను పాడుతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. పాట బాగుందని ఎప్పుడూ అనలేదు. "పర్వానేదు" అనేవాడు. చాలా ఏళ్ళకి, ఆయన జుట్టు పూర్తిగా తెల్లబడ్డాక, ఒకరోజు ధైర్యం చేసి అడిగాను. "నాన్నా, ఆ రోజు సరే అని ఎందుకన్నావు?"

"నువ్వు తగ్గుతావని."

"నేను నువ్వు వద్దంటావని కదా అంత అడిగాను!"

"తెలుసు. నన్ను ఎర్రోణ్ణనుకున్నావేటి? ఆ ఎత్తు నాకు తెల్దా? సరే అంటే నీకు భయమేస్తాది, నువ్వే దిగొస్తావు అనుకున్నాను."

"మరి నేను దిగి రాలేదుగా. అప్పుడైనా వద్దనొచ్చు కదా?"

నాన్న పరదా అంచు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. "బేరం ఇంకా అవనేదు కదమ్మా" అన్నాడు. "సూస్తన్నాను."

అందరూ నన్ను ధైర్యవంతురాలంటారు. మొన్న వచ్చిన పత్రిక పిల్ల కూడా అలాగే రాసింది. చదివి నవ్వుకున్నాను. ఆ మధ్యాహ్నం అక్కడ ధైర్యం ఏమీ లేదు. ముందు నోరు తెరిచినవాళ్ళు మునిగిపోతారని నమ్మే తండ్రీ కూతుళ్ళు ఇద్దరు, ఎదురెదురుగా కూర్చుని, నోళ్ళు బిగించుకుని ఉన్నారంతే. తను అడిగింది తనకి కావాలో వద్దో తెలియక, గొంతులో మాటతో కొట్లో గుడ్లప్పగించి చూస్తున్న ఆనాటి ఆ కూతురు పిల్ల నాకు ఇప్పటికీ కనపడుతుంది. పిచ్చి మొహం. నేను దాన్నేమీ తొందరపెట్టను. అలా కాసేపు ఊరుకోమంటాను.